చక్కెరవ్యాధి, చిగుళ్ళు, అక్కయ్య పళ్ళపొడి



మధుమేహము గురించి నేను ఇదివరకు పలుమార్లు వ్రాశాను. కళ్ళ గురించి, మూత్రపిండాల గురించి, పాదాల గురించి వ్రాశాను. నోటిని గురించి ఒక్క వాక్యము కూడ వ్రాయలేదని మొన్న పాత వ్యాసాలు తిరగవేస్తుంటే తెలిసింది. ఈ లోపము నా వ్రాతలకే పరిమితము కాదు. 38 సంవత్సరాల నా వైద్యవృత్తిలోనూ ఇదే లోపము ఉన్నది. చక్కెరవ్యాధితో వచ్చినవారి పాదాలు చూశాను, కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి లోపలి పొర చూశాను, మూత్రములో మాంసకృత్తులు పోతున్నాయేమో వెదికాను. నోరు తెరవమన్నది నాలుక తడి చూడటానికీ, గొంతు చూడటానికీ. ఆ రెంటి నడుమ వరుసగా నిలిచిన పళ్ళు నా చూపుకు ఆనేవి కావు. అవి దంతవైద్యుల సొత్తు అనుకునేవాణ్ణి.

ఇటీవల ఇద్దరు ముగ్గురు చదువరులు ఇంచుమించు ఒకే ప్రశ్న అడిగారు. ఇంట్లో తల్లికో తండ్రికో చాలకాలముగా చక్కెరవ్యాధి ఉన్నది, పళ్ళు తోముకుంటే నెత్తురు కనబడుతున్నది, పసుపు, ఉసిరిక, తేయాకు వంటి మొక్కల నుంచి తీసిన యాంటీ ఆక్సిడెంట్ బిళ్ళలు వాడితే చిగుళ్ళు బాగుపడతాయని ఎవరో చెప్పారు, వాడవచ్చునా అని. ఒక్క మాటలో సమాధానము చెప్పి ఊరుకోవచ్చును. కాని ఆ మాట వెనుక మా అక్కయ్య కథ ఉన్నది. అది దాచి సలహా ఇవ్వడము నాకు సమంజసముగా తోచలేదు. ఆమెను అడిగి, ఆమె సరేనన్న తరువాతనే వ్రాస్తున్నాను. “నా పళ్ళ సంగతి లోకానికి తెలిస్తే ఈ వయసులో నాకు వచ్చిన సంబంధాలు తప్పిపోతాయా ఏం, రాసుకో” అన్నది.

అక్కయ్యకు 74 సంవత్సరాలు. రేపల్లె ప్రాంతములో మా తాతలనాటి ఇంట్లోనే ఉంటుంది. చక్కెరవ్యాధి బయటపడి 16 సంవత్సరాలయింది. మందులు వ్రాసేది నేనే. ఆమె జీవితములో ఏనాడూ పేస్టు ముట్టలేదు. పసుపు, ఉప్పు, కరక్కాయ, లవంగము, నీడన ఎండిన వేపాకు, కాస్త కచ్చికల బూడిద కలిపి రోట్లో దంచి, పలుచని నేతచీర ముక్కతో వస్త్రగాళితము చేసి, పాత హార్లిక్స్ సీసాలో పోసి ఉంచుకుంటుంది. మా ఇంటికి కూడ ఏటా ఒక సీసా వచ్చేది. నేను దానిని వాడేవాణ్ణి కాదు, పారవేసేవాణ్ణీ కాదు.

మూడు సంవత్సరాల క్రితము ఆమె రక్తములో చక్కెర అదుపు తప్పడము మొదలయింది. మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్షలో 7.6 ఉండేది 8.4 అయింది, తరువాత 9.2 అయింది. నేను ఒక మాత్ర పెంచాను, ఇంకొకటి చేర్చాను, మామిడిపళ్ళు తింటున్నావా అని ఫోనులో గద్దించాను. లేదన్నది. నమ్మలేదు. ఆ రోజులలోనే చిగుళ్ళ నుంచి నెత్తురు వస్తున్నదని ఆమె ఒకసారి చెప్పింది. బంధువు ఒకరు యాంటీ ఆక్సిడెంట్ గొట్టాలు తెచ్చి ఇచ్చారనీ, పసుపు, ఉసిరిక, ద్రాక్షగింజల సారము అందులో ఉన్నాయనీ, నెలకు 1,800 రూపాయలనీ, వాడనా అనీ అడిగింది. “ఆకులూ అలములే కదా, హాని ఏమీ లేదులే, వాడు” అన్నాను. నేను ఇచ్చిన వైద్య సలహా అంతే. ఎనిమిది నెలలు వాడింది.

ఆ సంక్రాంతికి ఊరికి వెళ్ళాను. పప్పుచెక్కలు నా పళ్ళెములో పెట్టి తాను కూడ రెండు తీసుకుని కాఫీలో నానబెట్టుకుంటున్నది. చెక్కలను కాఫీలో ముంచడము మా ఇంట్లో ఎరగని పని. ఎందుకు అని అడిగితే, నములలేనన్నది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. “ఏడాదిన్నర అయిందిరా. జొన్నరొట్టె మానేశాను. జామకాయ, వేరుసెనగపప్పు మానేశాను. కూరముక్క కూడ వేలితో చిదిపి తింటున్నాను. పొద్దున పాలల్లో బ్రెడ్డు, మధ్యాహ్నం మెత్తగా వండిన అన్నం, రాత్రి ఇడ్లీ, అరటిపండు” అన్నది. ఆమె చక్కెర ఎందుకు పెరిగిందో ఆ ఒక్క వాక్యములో సగము ఉన్నది. పీచు ఉన్న ఆహారమంతా పోయి, క్షణములో గ్లూకోజుగా మారే మెత్తని పిండిపదార్థము మిగిలింది. నేను మామిడిపళ్ళను అనుమానించాను.

నోరు తెరవమన్నాను. క్రింది ముందుపళ్ళు రెండు వ్రేలితో తాకితే ఊగుతున్నాయి. చిగురు నొక్కితే పసుపురంగు చీము చుక్క వచ్చింది. పళ్ళ లోపలివైపు గార గచ్చు మెత్తినట్లు ఉన్నది. “నలభై ఏళ్ళు డాక్టరీ చేశావు, నోరు తెరువక్కా అని ఒక్కసారైనా అడిగావురా?” అన్నది. నవ్వుతూనే అన్నది.

ఇక విషయానికి వస్తాను.

పన్ను దవడ ఎముకలో మేకు దిగగొట్టినట్లు ఉండదు. నులకమంచపు పట్టెకు నులక బిగించినట్లు, పంటి మూలమును చుట్టూ ఎముకకు వేలాది సన్నని కొల్లాజెన్ పీచులు పట్టి ఉంచుతాయి. పంటికీ చిగురు అంచుకూ నడుమ ఒక సన్నని సందు ఉంటుంది. ఆరోగ్యవంతులలో దాని లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. పళ్ళపై చేరే పాచి కేవలము అన్నపు మెతుకుల మురికి కాదు. అది వందలాది జాతుల సూక్ష్మజీవులు జిగట పదార్థములో కట్టుకున్న కాలనీ. దానిని తీయకపోతే లాలాజలములోని కాల్షియము, ఫాస్ఫేటులతో గట్టిపడి గార అవుతుంది. గరుకైన గారపై మరల పాచి సులభముగా పట్టుకుంటుంది.

1965లో డెన్మార్కులో హరాల్డ్ లో అనే దంతశాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు, మంచి చిగుళ్ళు గల 12 మందిని పళ్ళు తోముకోవడము మానివేయమన్నారు. మూడు వారాలలోపు అందరికీ చిగుళ్ళవాపు వచ్చింది. మరల తోముకోవడము మొదలుపెట్టగానే సర్దుకున్నది. ఈ దశ వరకు నష్టము తిరిగి పూడుతుంది. వాపు చిగురు దాటి లోపలికి దిగి, పీచులు తెగి, ఎముక కరగడము మొదలయితే దానిని పెరియోడాంటైటిస్ అంటారు. మా చిన్నతనములో పయోరియా అనేవారు. అప్పుడు సందు 4, 5, 8 మిల్లీమీటర్ల సంచిగా మారుతుంది. ఆ సంచుల లోగోడలు పుండుపడి ఉంటాయి. నోరంతా వ్యాధి ఉన్నవారిలో వాపుకు గురైన ఈ లోపలి ఉపరితలమును లెక్కగడితే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్ల దాకా ఉంటుందని అంచనా. కాలిపై అంత వైశాల్యము గల పుండుతో ఒక మధుమేహరోగి వస్తే నేను ఆ పూటే ఆసుపత్రిలో చేర్చి ఉండేవాణ్ణి.

అదే హరాల్డ్ లో 1993లో ఈ వ్యాధిని మధుమేహపు ఆరవ ఉపద్రవముగా పేర్కొన్నాడు. కళ్ళు, మూత్రపిండాలు, నాడులు, పెద్ద రక్తనాళాలు, మానని గాయాలు మొదటి అయిదు. ఈ సంబంధము బాగుగా తెలిసివచ్చినది అమెరికాలోని అరిజోనా రాష్ట్రములో, గిలా నది ఒడ్డున నివసించే పీమా తెగవారి నుంచి. వారిలో టైప్ 2 మధుమేహము అత్యధికము. మధుమేహము ఉన్న పీమాలలో పెరియోడాంటైటిస్ ముప్పు లేనివారికంటె మూడు రెట్ల వరకు ఉన్నదని 1990 ప్రాంతములో తేలింది. ఆపైన, చిగుళ్ళవ్యాధి తీవ్రముగా ఉన్న మధుమేహరోగులలో గుండెజబ్బుతో, మూత్రపిండాల జబ్బుతో మరణాలు ఎక్కువని 2005లో వెల్లడయింది. మన దేశములో మధుమేహులు 10 కోట్ల పైచిలుకు అని భారత వైద్య పరిశోధనా మండలి సర్వే 2023లో తెలిపింది. వారి నోళ్ళు ఎవరు చూస్తున్నారో ఆలోచించండి.

చక్కెర చిగురును ఎట్లా చెరుపుతుంది? రక్తములో గ్లూకోజు హెచ్చుగా ఉన్నప్పుడు అది మాంసకృత్తులకు అంటుకుంటుంది. హెచ్‌బిఎ1సి కూడ అటువంటిదే, రక్తవర్ణకానికి అంటిన చక్కెర. చిగుళ్ళలోని కొల్లాజెన్ వంటి దీర్ఘకాలము నిలిచే మాంసకృత్తులకు అంటిన చక్కెర క్రమముగా రూపము మారి, తిరిగి విడివడని పదార్థాలుగా స్థిరపడుతుంది. రక్షకకణాలపై వీటిని గుర్తించే గ్రాహకాలు ఉన్నాయి. అవి తగలగానే ఆ కణాలు వాపు కలిగించే రసాయనాలను విడుదల చేస్తాయి. చిగురు సంచిలోకి వచ్చిన తెల్లకణాలు సూక్ష్మజీవులను చంపడానికి ప్రాణవాయువును క్రియాశీల రూపాలుగా మార్చి చిమ్ముతాయి. వీటినే వాడుకలో ఫ్రీ రాడికల్స్ అంటున్నారు. చక్కెర అదుపులేని శరీరములో ఈ చిమ్మడము అవసరానికి మించి, ఆపవలసినప్పుడు ఆగక సాగుతుంది. శత్రువు మీద పోసిన నూనె మన పందిరికే అంటుకున్నట్లు, పీచులు, కణాల పొరలు, ఎముక దెబ్బతింటాయి. ఈ రాడికల్స్‌ను తటస్థపరచే పదార్థాలే యాంటీ ఆక్సిడెంట్లు. శరీరము కొన్నింటిని స్వయముగా చేసుకుంటుంది, కొన్ని మొక్కల నుంచి ఆహారములో వస్తాయి.

ఇది ఏకపక్ష వ్యవహారము కూడ కాదు. చిగుళ్ళ నుంచి నిరంతరము రక్తములోకి చేరే వాపు రసాయనాలు ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి. కనుక చిగుళ్ళకు చికిత్స చేస్తే చక్కెర తగ్గాలి. తగ్గుతుందా? 2013లో అమెరికాలో 514 మందిపై జరిగిన పరీక్షలో తగ్గలేదు. చికిత్స తరువాత కూడ వారి చిగుళ్ళలో నెత్తురు కారడము చాలావరకు మిగిలిపోయిందనీ, శుభ్రము సగములో ఆగిందనీ విమర్శకులు అన్నారు. 2018లో లండనులో 264 మందిపై మరింత శ్రద్ధగా, ఏడాదిపాటు చేసిన చికిత్సలో హెచ్‌బిఎ1సి మామూలు శుభ్రము పొందినవారికంటె 0.6 తక్కువగా ఉన్నది. ఇటువంటి పరీక్షలన్నింటినీ కూడి 2022లో కాక్రేన్ సంస్థ ప్రకటించిన సమీక్ష ప్రకారము మూడు నాలుగు నెలలలో తగ్గుదల సగటున 0.4 పైచిలుకు. ఒక్కోసారి రెండవ మాత్ర చేర్చినా అంతకంటె ఎక్కువ రాదు.

ఇప్పుడు మొక్కల వద్దకు.

పసుపులో కర్క్యుమిన్ ఉన్నది, కాని నూటికి మూడు పాళ్ళ ఆటూఇటూ. అది వాపును తగ్గిస్తుందని, ఫ్రీ రాడికల్స్‌ను పట్టుకుంటుందని ప్రయోగశాలలలో నిస్సందేహముగా చూపారు. మింగితే మాత్రము రక్తములోకి చేరేది అత్యల్పము. 1998లో బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్యకళాశాలవారు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల మిరియపు సారము, అనగా పైపరిన్, కలిపి ఇస్తే రక్తములోకి చేరే పాళ్ళు 20 రెట్లు పెరిగినట్లు చూపారు. ఈనాటి గొట్టాలలో చాలవాటిలో మిరియపు సారము చేరడానికి కారణము అదే. ఆ గొట్టాలు వాడిన కొందరిలో కాలేయము దెబ్బతిని కామెర్లు వచ్చిన ఉదంతాలు అమెరికాలో నమోదయ్యాయని కూడ మీకు చెప్పాలి. పప్పులో వేసిన పసుపు వేరు, గాఢసారము వేరు. రక్తమును పలుచబరచే మందులు వాడేవారు గాఢసారాల జోలికి మరింత పోరాదు.

పసుపును మింగకుండా చిగురు సంచిలోనే పెడితే? ఇది తెలివైన ఆలోచన. మన దేశపు దంతవైద్య కళాశాలలలో కర్క్యుమిన్ జెల్లును, తేయాకు సారమును, వేప, కలబంద జెల్లులను ఇట్లా సంచులలో పెట్టి చూశారు. గార తీసిన తరువాత వీటిని పెడితే నెత్తురు కారడము, సంచి లోతు కొంత మెరుగుపడినట్లు పలు పరీక్షలలో కనబడింది. అయితే ఇవి చాలవరకు చిన్న పరీక్షలు, కొద్ది నెలల పరీక్షలు. ముఖ్యముగా గమనించవలసినది “గార తీసిన తరువాత” అన్న మాట. గార మీద పూసి నయము చేసినవి కావు.

పసుపు గాయాలు మాన్పుతుందన్న దానిపై 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును మన సి.ఎస్.ఐ.ఆర్. పోరాడి 1997లో రద్దు చేయించింది. ఆ విజయమును తలచుకుని చాలమంది పసుపు సర్వరోగ నివారిణి అని రుజువయినట్లు మాట్లాడుతారు. అక్కడ రుజువయినది ఆ తెలివి మనకు పూర్వమే ఉన్నదని. అది పయోరియాకు పరీక్ష కాదు.

తేయాకులోని క్యాటెకిన్లు కొల్లాజెన్‌ను కొరికే ఎంజైములను నిగ్రహిస్తాయి. 2009లో జపానులో 940 మంది పురుషులను పరిశీలించినప్పుడు, గ్రీన్ టీ ఎక్కువ త్రాగేవారిలో సంచుల లోతు, నెత్తురు కొంత తక్కువగా కనిపించాయి. అది పరిశీలన మాత్రమే. టీ త్రాగేవారికి ఇతర మంచి అలవాట్లు కూడ ఉండి ఉండవచ్చును. పాలు, రెండు చెంచాల పంచదార వేసిన మన టీకి ఆ ఫలితమును వర్తింపజేసుకోవద్దు.

ఈ ఎంజైముల కథ ఒకటి నాకు మిక్కిలి ఇష్టము. న్యూయార్కు రాష్ట్రములోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయములో లోర్న్ గోలబ్ అనే పరిశోధకుడు మధుమేహము కలిగించిన ఎలుకల చిగుళ్ళలో కొల్లాజెన్ కొరికే ఎంజైము హెచ్చుగా ఉండటము చూశాడు. టెట్రాసైక్లిన్ జాతి మందు ఇస్తే అది తగ్గింది. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకలలో కూడ తగ్గింది. అనగా ఆ మందు క్రిములను చంపి కాదు, ఎంజైమును అణచి పని చేసింది. 1983లో ప్రకటించిన ఆ గమనిక నుంచి 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ చికిత్స పుట్టి, 1998లో అమెరికాలో అనుమతి పొందింది. ఆ ప్రయోగశాలవారే తరువాత కర్క్యుమిన్ అణువును మార్చి అంతకంటె మెరుగైన మందు కోసము ప్రయత్నిస్తున్నారు. మన వంటింటి పసుపు ఆ దారిలో ఏదో ఒకనాడు నిజమైన మందుగా తిరిగి రావచ్చును.

ఉసిరిక, జామ, నిమ్మల సంగతి మరింత సూటియైనది. విటమిన్ సి లేనిదే కొల్లాజెన్ పీచులు గట్టిపడవు. నావికుల చిగుళ్ళు ఉబ్బి నెత్తురోడే స్కర్వీ వ్యాధిని నారింజ, నిమ్మపళ్ళతో జేమ్స్ లిండ్ కుదిర్చినది 1747లో. ఈనాడు స్కర్వీ అరుదు. కాని పళ్ళు నములలేక, చక్కెర భయముతో పళ్ళు మానివేసిన ముసలివారిలో విటమిన్ సి కొరత అరుదు కాదు. జర్మనీలోని యేనా విశ్వవిద్యాలయములో పెరియోడాంటైటిస్ ఉన్నవారికి దినమునకు రెండు గ్రేప్‌ఫ్రూట్ పళ్ళు రెండు వారాలు ఇచ్చారు. ఇది మన పంపరపనసకు దగ్గరి చుట్టము. వారి రక్తములో విటమిన్ సి పెరిగి, చిగుళ్ళ నెత్తురు తగ్గింది. సంచుల లోతు మారలేదు. మొక్కల యాంటీ ఆక్సిడెంట్లు ఏమి చేయగలవో, ఏమి చేయలేవో ఆ ఒక్క ఫలితములోనే కనబడుతుంది. (గ్రేప్‌ఫ్రూట్ కొన్ని కొలెస్టరాల్ మందుల మోతాదును రక్తములో పెంచుతుంది. అటువంటి మందులు వాడేవారు మీ వైద్యుని అడగండి. జామకాయకు ఆ పేచీ లేదు.) విటమిన్ సి బిళ్ళలు పెద్ద మోతాదులో వాడితే కొన్ని గ్లూకోమీటర్లు చక్కెరను ఉన్నదానికంటె హెచ్చుగా చూపుతాయి. ఆ తప్పు అంకెను నమ్మి ఇన్సులిన్ పెంచితే ప్రమాదము.

యాంటీ ఆక్సిడెంటు అన్న పేరు చూసి మైమరచిపోయేవారికి ఫిన్లాండు పరీక్షను గుర్తుచేస్తాను. 29 వేల పైచిలుకు పొగత్రాగే పురుషులకు బీటా కెరోటిన్, విటమిన్ ఇ బిళ్ళలు ఇచ్చి ఊపిరితిత్తుల కాన్సరు తగ్గుతుందని ఎదురుచూశారు. 1994లో ఫలితాలు వస్తే, బీటా కెరోటిన్ పుచ్చుకున్నవారిలో కాన్సరు 18 శాతము పెరిగింది. కాయగూరలు తినేవారికి జరిగే మేలు ఆ కాయగూరలోని ఒక అణువును తీసి బిళ్ళ కడితే జరుగుతుందని అనుకోరాదు.

వేపపుల్ల సంగతి అడగనివారు లేరు. కొన నమిలి కుంచె చేసి మృదువుగా తోముకుంటే పాచి పోతుంది. వేప, గానుగ, ఉత్తరేణి ఏదయినా సరే. కాని వెనుక దంతాల లోపలివైపుకు పుల్ల అందదు, పళ్ళ నడుమ సందులలో దూరదు. అడ్డముగా గట్టిగా రుద్దితే చిగురు క్రిందికి జారుతుంది. కచ్చికల బూడిద, బొగ్గుపొడి, గరుకు ఉప్పు పంటి మెరుగును అరగదీస్తాయి.

పొగ గురించి ఒక మాట. ఉద్యోగములో చేరిన తొలినాళ్ళలో శ్రీకాకుళము జిల్లాలో పని చేశాను. అక్కడి స్త్రీలలో చుట్ట నిప్పువైపు నోటిలో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉండేది. అంగిలి కాన్సరు కోసము వందలాది నోళ్ళు చూశాను. అప్పుడు కూడ చిగుళ్ళు చూడలేదు. పొగ చిగుళ్ళలోని నెత్తురు కారడమును అణచివేస్తుంది. పొగత్రాగేవారికి నెత్తురు రాకపోవడము ఆరోగ్యానికి గుర్తు కాదు, వ్యాధి దాగి ఉండటమే.

అక్కయ్యను గుంటూరు తీసుకువచ్చి ఒక దంతవైద్యురాలికి చూపించాను. ఆవిడ సన్నని కొలత కడ్డీతో ఒక్కొక్క పంటి చుట్టూ ఆరుచోట్ల లోతు చూసి, అంకెలు పైకి చదువుతుంటే సహాయకురాలు వ్రాసుకున్నది. అయిదు, ఏడు, ఎనిమిది, ఏడు. నేను గోడ ప్రక్కన నిలబడి వింటున్నాను. మందు సంచిని తిరగవేసి ఎనిమిది నెలల గొట్టాల ఖాళీ సీసాలు చూపింది అక్కయ్య. దంతవైద్యురాలు ఏమీ విమర్శించలేదు. ఇవి మొదలుపెట్టినప్పుడే వచ్చి ఉంటే ఈ మూడు పళ్ళు నిలిచేవేమో అన్నది, అంతే. “హాని ఏమీ లేదులే” అన్నవాణ్ణి అక్కడే ఉన్నాను.

మూడు పళ్ళు తీశారు. మిగిలినవాటికి మత్తుసూది ఇచ్చి నాలుగు దఫాలుగా చిగురు లోపలి గార తీసి, వేళ్ళు నునుపు చేశారు. అక్కయ్యకు అన్నింటికంటె పెద్ద భయము, గార తీయిస్తే పళ్ళు వదులవుతాయని. ఈ భయము మీలో చాలమందికి ఉంటుంది, కనుక చెబుతాను. ఎముక కరిగిన పంటిని గార ప్రక్కపళ్ళతో కలిపి అతికినట్లు పట్టి ఉంచుతుంది. దానిని తీసినప్పుడు అంతకుముందే వదులయిన పన్ను ఊగడము తెలియవస్తుంది. వాపు దిగి సందులు కనబడతాయి. వదులు చేసినది గార, తీసినది కాదు. కొన్ని వారాలలో చిగురు మరల బిగుస్తుంది.

మందులేవీ మార్చకుండా మూడు నెలల తరువాత చూస్తే హెచ్‌బిఎ1సి 9.2 నుంచి 8.3 అయింది. ఇది సగటు లెక్కకంటె ఎక్కువ. దీనినంతటినీ చిగుళ్ళ ఖాతాలో వేయను. ఆ మూడు నెలలలో ఆమె మరల జొన్నరొట్టె, గోరుచిక్కుడు, జామకాయ నమిలింది, బ్రెడ్డు మానివేసింది. ఏది ఎంత చేసిందో ఒక్క మనిషిని చూసి విడదీయలేము. చిగుళ్ళు బాగుపడితేనే నమలగలిగింది కనుక విడదీయవలసిన పని కూడ నాకు కనబడలేదు.

కనుక మీ ప్రశ్నకు నా సమాధానము. ముందు దంతవైద్యుని వద్దకు వెళ్ళి, మీకు చక్కెరవ్యాధి ఉన్నదనీ, హెచ్‌బిఎ1సి ఎంతో కూడ చెప్పండి. 2018 నుంచి వాడుకలో ఉన్న వర్గీకరణలో ఆ అంకె 7 దాటితే చిగుళ్ళవ్యాధి వేగముగా ముదిరే తరగతిలో చేరుస్తారు, కనుక ఆయనకు అది కావాలి. సంచుల లోతులు మిల్లీమీటర్లలో వ్రాసి ఇమ్మనండి, మీ చక్కెర కాగితాలతో పాటు దాచుకోండి. పగటిపూట, టిఫిను తిని, మాత్రలు వేసుకుని వెళ్ళండి, పరగడుపున వెళ్ళవద్దు. గార తీయించిన తరువాత రెండు పూటలా మెత్తని బ్రష్షుతో తోముకుని, సందులకు చిన్న బ్రష్షు వాడండి. మూడు నాలుగు నెలలకొకసారి మరల చూపించండి. ఆపైన ఉసిరికాయ, జామకాయ, ఆకుకూరలు, పంచదార లేని గ్రీన్ టీ, కూరలో పసుపు సంతోషముగా వాడుకోండి. దంతవైద్యులు సంచిలో పెట్టే మూలికా జెల్లు పెడతామంటే కాదనవద్దు. గొట్టాలకు నెలకు 1,800 పెట్టదలచినవారు ఆ డబ్బును మొదటి రెండు నెలలు దంతవైద్యుని వద్ద ఖర్చు పెట్టండి.

అక్కయ్య పళ్ళపొడి మానలేదు. మానమని నేను కూడ అనలేదు. బేరము కుదిరింది. బూడిద, ఉప్పు తీసివేసింది. పొడిని బ్రష్షుతో తోమకుండా, తోముకున్న తరువాత చిగుళ్ళకు వ్రేలితో రాస్తుంది. ఈ సంక్రాంతికి కొత్త సీసా ఇస్తూ, “నువ్వు చూపించుకున్నావా?” అని అడిగింది. నాకు 67 సంవత్సరాలు, చక్కెర సరిహద్దులో ఉన్నది, నెత్తురు ఎన్నడూ చూడలేదు, నొప్పి లేదు. లేదన్నాను. ఆ తరువాతి వారము అదే కుర్చీలో నేను కూర్చున్నాను. క్రింద కుడివైపు వెనుక దంతాల వద్ద రెండు చోట్ల అంకె 5 పలికింది.